పిల్ల తాబేలు తిండి ముట్టకపోతే ముందు థర్మామీటరు చూడండి

పిల్ల తాబేలు తిండి మానేయగానే ఇంట్లోవాళ్ళ ధ్యాసంతా తిండి మీదికే పోతుంది. ఆకు మార్చి చూస్తారు, పండు ముక్క పెడతారు, విటమిన్ చుక్కలు వేస్తారు, ఆఖరికి నోరు తెరిచి కుక్కుతారు. కుక్కపిల్లో పిల్లిపిల్లో అయితే ఈ వరస కొంతవరకు పనిచేసేదే. తాబేలుకి మాత్రం ఇది తలకిందుల వరస. దానికి ముందు వేడి కావాలి, తర్వాత నీళ్ళు, ఆ రెండూ కుదిరాకే తిండి. ఇంట్లో పెరిగే పిల్ల తాబేళ్ళకి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మొదలు క్రిమి కాదు, తాబేలు ఉంటున్న పెట్టె. క్రిమి తర్వాత వచ్చి చేరుతుంది. పెట్టెని అలాగే ఉంచి మందు వేస్తే, మందు అయిపోయిన పది రోజులకి జబ్బు మళ్ళీ తిరిగొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఆకులూ గడ్డీ తిని బతికే నేల తాబేళ్ళ గురించి: సల్కాటా, లెపర్డ్, హెర్మన్, రష్యన్ లాంటివి. రెడ్‌ఫుట్ కూడా నేల తాబేలే గానీ అడవి జీవి, దానికి తేమ ఎక్కువ కావాలి, పళ్ళూ పడతాయి. నీళ్ళలో బతికే తాబేళ్ళ లెక్క పూర్తిగా వేరు, ఈ కొలతలు వాటికి వాడకండి.

వేడి తగ్గితే లోపల జరిగేది

తాబేలు తన ఒంటి వేడిని తనే పుట్టించుకోలేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్ళూ దాదాపు అంతే. ఆ వేడి పడిపోతే ఒంట్లో మూడు పనులు ఒకేసారి మందగిస్తాయి. పేగులో సూక్ష్మజీవులు ఆకుని పులియబెట్టి అరిగించే పని ఆగుతుంది. క్రిములతో పోరాడే తెల్లకణాలు నెమ్మదిస్తాయి. మూత్రపిండాలూ కాలేయమూ వ్యర్థాలనీ మందులనీ బయటికి పంపడం తగ్గిపోతుంది.

అందుకే చల్లబడ్డ పిల్లకి తిండి కుక్కితే అది కడుపులో అరక్కుండా నిలవ ఉండి కుళ్ళుతుంది, గ్యాసు పడుతుంది. చల్లబడ్డ పిల్లకి యాంటీబయాటిక్ ఇస్తే మందు చేరాల్సిన చోటికి సరిగ్గా చేరదు, చేరింది త్వరగా బయటికి పోదు. సరీసృపాలు తెలిసిన డాక్టరు మొదట అడిగేది ‘ఏం తింటోంది’ అని కాదు, ‘ఎంత వేడిలో ఉంటోంది’ అని. ‘వెచ్చగానే ఉంటుందండీ’ అంటే సరిపోదు, అంకె చెప్పాలి.

ఆ అంకె దగ్గరే చాలామంది మోసపోతారు. పెట్టె గోడకి అతికించిన గుండ్రటి ముల్లు థర్మామీటరు 29 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంటుంది. పిల్ల ఉండేది ఆ గోడ మీద కాదు, కింద నేల మీద. వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. పెట్టె గచ్చు మీద పెట్టి ఉంటే పిల్ల కడుపు ఆనిన చోట 22 డిగ్రీలే ఉండొచ్చు. వైరు చివర చిన్న ప్రోబు (వేడిని కొలిచే మొన) ఉండే డిజిటల్ థర్మామీటరు తీసుకుని ఆ ప్రోబుని పిల్ల వీపు ఎత్తులో పెట్టి చూడాలి. పగలు రెండుసార్లు, తెల్లవారుజామున ఒకసారి. తెల్లవారుజాము అంకె ముఖ్యం, గది అత్యంత చల్లగా ఉండేది అప్పుడే.

ఆరోగ్యంగా ఉన్న పిల్లకి పెట్టెలో ఒక మూల 33 నుంచి 35 డిగ్రీల ఎండకాపు చోటు, మరో మూల 25, 26 డిగ్రీల చల్లటి చోటు ఉంటే, తనకి కావాల్సింది తనే వెతుక్కుంటుంది. జబ్బుపడ్డ పిల్లకి అలా వెతుక్కునే ఓపిక ఉండదు, పడుకున్న చోటే పడి ఉంటుంది. కాబట్టి దాని పెట్టె మొత్తం 27 నుంచి 30 మధ్య ఉండాలి, రాత్రి కూడా 26 కంటే దిగకూడదు. ఎండకాపు చోటు పగటి పూట ఉంచండి గానీ పిల్ల సొంతంగా పక్కకి జరగలేని స్థితిలో ఉంటే ఆ దీపం కిందే పెట్టి వదిలేయకండి. తప్పుకోలేని తాబేలు దీపం కింద ఉడికిపోతుంది.

ఆస్పత్రి పెట్టె

జబ్బు పిల్లని దాని మామూలు పెట్టెలోంచి తీసి విడిగా ఉంచాలి. సుమారు 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు, గోడల్లోంచి బయటికి కనబడకపోతే మంచిది. గాజు తొట్టిలో పెడితే బయటికి దారి ఉందనుకుని గాజుని గీకుతూనే ఉంటుంది, ఉన్న కాస్త ఓపికా దానికే పోతుంది.

అడుగున తెల్లటి పేపర్ టవల్ పరచండి. కొబ్బరి పొట్టు మామూలు రోజుల్లో బాగుంటుంది గానీ జబ్బు రోజుల్లో మలం ఎలా ఉందో, మూత్రంతో వచ్చే తెల్లటి పదార్థం ఎలా ఉందో, ముక్కు నుంచి ఏమైనా కారిందో అన్నీ కళ్ళకి కనబడాలి. కాగితం రోజూ మార్చాలి. నక్కడానికి బోర్లించిన చిన్న పెట్టెకి ద్వారం కోసి పెట్టండి, దాని లోపల తడిపి పిండిన గుడ్డ పరవండి.

వేడికి సిరామిక్ హీట్ ఎమిటర్ మేలు. వెలుగు ఇవ్వదు కాబట్టి రాత్రంతా వాడొచ్చు. రాత్రిపూట ఎర్ర బల్బు పెడితే తాబేలుకి కనబడదన్నది ఉత్తమాట, తాబేలు ఎరుపుని బాగానే చూస్తుంది. దానికి రాత్రి చీకటి కావాలి. ఈ కొలత టబ్బుకి 60 నుంచి 100 వాట్లు సరిపోతాయి. హోల్డరు పింగాణీదే వాడాలి, ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి కరిగిపోతుంది. గొలుసుతో పైనుంచి వేలాడదీయాలి. క్లిప్పు ఒక్కదాన్నే నమ్ముకుంటే అది జారి కాగితం మీద పడిన రోజు ఇల్లే అంటుకోవచ్చు. థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటరుని ఆపే పరికరం) లేకుండా మాత్రం ఈ ఏర్పాటు వద్దు. దాని ప్రోబుని పిల్ల వీపు ఎత్తులో, కదలకుండా గట్టిగా కట్టాలి. ప్రోబు ఊడి టబ్బు బయట పడితే అది బయటి చల్లగాలిని కొలుస్తూ ‘ఇంకా వేడి చాల్లేదు’ అనుకుని హీటరుని ఆపకుండా నడిపిస్తుంది. లోపల 45 డిగ్రీలు దాటొచ్చు. ప్రోబు నీళ్ళగిన్నెలో పడినా దాదాపు ఇంతే.

అడుగున పెట్టే హీట్ మ్యాట్లూ వేడి రాళ్ళూ తాబేలుకి పనికిరావు. దానికి వేడి పైనుంచి రావాలి, ఎండలాగా. కింది నుంచి ఎక్కే వేడిని అది సరిగ్గా పసిగట్టి లేవదు, కడుపు డిప్ప కాలిపోతుంది.

నీళ్ళు: రోజుకి రెండుసార్లు

వేడి కుదిరిన రోజే నీళ్ళు మొదలుపెట్టాలి. పిల్ల తాబేళ్ళ ఒంట్లో నీటి నిల్వ చాలా తక్కువ. పెట్టెలో దీపం ఒకపక్క, పొడిగాలి ఒకపక్క వాటిని ఆరబెడుతూనే ఉంటాయి. గిన్నెలో నీళ్ళున్నాయి కదా అనుకుంటాం, నీరసపడ్డ పిల్ల ఆ గిన్నెదాకా నడవదు.

నిటారు గోడలున్న చిన్న టబ్బు తీసుకోండి. నీళ్ళు 30 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. ‘గోరువెచ్చగా’ అనే మాట ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. మన చేతి చర్మమే సుమారు 33 డిగ్రీలుంటుంది, కాబట్టి చేతికి హాయిగా వెచ్చగా తగిలే నీళ్ళు 38, 40 ఉంటాయి, అది పిల్లకి ఎక్కువ. చెయ్యి పెడితే వెచ్చగానూ చల్లగానూ అనిపించని నీళ్ళు సుమారుగా సరైనవి. థర్మామీటరు ముంచితే ఈ గొడవే లేదు.

లోతు పైడిప్పా కడుపు డిప్పా కలిసే అంచు వరకే. తల నిలపలేనంత నీరసంగా ఉన్న పిల్లయితే ఇంకా తక్కువ పోసి, గడ్డం కింద మడిచిన గుడ్డ ఆసరా పెట్టి, పక్కనే కూచోండి. వేలెడు లోతు నీళ్ళలో కూడా ముక్కు మునిగి చనిపోతాయి. 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి, మధ్యలో నీళ్ళు చల్లారితే మార్చాలి. జబ్బు రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి నేరుగా వెచ్చటి టబ్బులోకి.

నీళ్ళలో దింపిన కొద్దిసేపటికి చాలా పిల్లలు మెడ వంచి ముక్కుదాకా ముంచి తాగుతాయి, గొంతు కదులుతూ కనబడుతుంది. తర్వాత మూత్రం, మలం వదులుతాయి. ఇక్కడే దగ్గరగా చూడాల్సిన సంగతి ఒకటుంది. మూత్రంతోపాటు తెల్లటి ముద్దలా వచ్చేవి యూరేట్లు. గ్లవ్ తొడిగిన వేళ్ళ మధ్య వాటిని నలిపి చూడండి. టూత్‌పేస్టులా మెత్తగా జారితే ఒంట్లో నీళ్ళు బాగానే ఉన్నట్టు. ఇసుక కలిపిన సున్నంలా గరగరలాడితే ఒళ్ళు ఎండిపోతోందన్నమాట, ఇంకా ఎండితే అదే మూత్రాశయంలో రాయి కడుతుంది. గరుకు తగ్గి మెత్తబడటం కోలుకుంటున్నదానికి మంచి గుర్తు, ఆకలికంటే ముందు కనబడుతుంది.

నీళ్ళలో క్యారెట్ గుజ్జు కలిపి నానబెట్టడం పెంపకందారుల్లో బాగా వాడుకలో ఉంది. తాగేలా ఊరిస్తుందేమో గానీ అందులో మహిమేం లేదు, పని చేసేది వెచ్చటి నీళ్ళే. సిరంజితో నోట్లోకి నీళ్ళు కొట్టడం మాత్రం వద్దు. తాబేలు శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, ఒక్క చుక్క దారి తప్పినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తూకం పుస్తకం

ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ తూకం తప్పనిసరి, 0.1 గ్రాము చూపిస్తే ఇంకా మంచిది. హెర్మన్ పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు పదీ పన్నెండు గ్రాములే ఉంటుంది, సల్కాటా పిల్ల 30, 40 దాకా ఉంటుంది. 40 గ్రాముల పిల్ల 4 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినంత లెక్క.

రోజూ పొద్దున నీళ్ళలో పెట్టకముందే తూచి రాయండి. నీళ్ళు తాగితే మూడు గ్రాములు పెరుగుతుంది, మూత్రం పోస్తే అంతే తగ్గుతుంది, కాబట్టి ఒక్కరోజు అంకె చూసి కంగారుపడొద్దు. వారం మొత్తం మీద ఎటు పోతోందన్నదే లెక్క. వారంలో పది శాతం తగ్గితే ఇంటి ఉపచారంతో ఆగకూడదు. నిడివినీ బరువునీ పోల్చే జాక్సన్ పట్టిక గురించి ఎవరైనా చెబితే, అది మధ్యధరా ప్రాంతపు పెద్ద తాబేళ్ళని కొలిచి వేసిన లెక్క. పిల్లలకీ వేరే జాతులకీ అది వర్తించదు.

తిండి ఎప్పుడు, ఏది

రెండు మూడు రోజులు వేడీ నీళ్ళూ సరిగ్గా అందాక చాలా పిల్లలు వాటంతట అవే నోరు కదుపుతాయి. అప్పుడు సన్నగా తరిగిన ఆకు తడిపి, చదునైన రాయి మీద, ముక్కు ముందు పెట్టండి. మల్బరీ ఆకు, మందార ఆకులూ పువ్వులూ, డాండెలియన్, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు, లేత గడ్డి: ఇవి మంచివి. ఎరుపు, పసుపు రంగులు తాబేళ్ళ కంటికి బాగా ఆనుతాయి, అందుకే మందార రేకు చాలాసార్లు మొదటి కొరుకుడు తెప్పిస్తుంది.

గడ్డి తినే జాతులకి పళ్ళు పెడితే చక్కెర పేగులో పులిసి విరేచనాలు పట్టుకుంటాయి. జబ్బు పిల్లకి అది పెద్ద దెబ్బ. కీరదోస, లెట్యూస్ నీళ్ళే తప్ప బలం ఇవ్వవు, నాలుగు రోజులు ఊరించడానికి పనికొస్తాయి. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియంని పట్టేసుకుంటాయి కాబట్టి రోజువారీ తిండిగా వద్దు. రొట్టె, పాలు, కుక్కలకీ పిల్లులకీ వేసే గుళికలు అసలే వద్దు.

వేడి సరిచేశాక వారం దాటినా ముట్టకపోతే గొట్టంతో కడుపులోకి పోసే అవసరం రావచ్చు. శాకాహార జంతువుల కోసం తయారయ్యే పొడిని నీళ్ళలో కలిపి ఎంత పోయాలో డాక్టరు పిల్ల బరువుని బట్టి లెక్కకడతారు. నోరు బలవంతంగా తెరవబోతే మెత్తటి దవడ విరుగుతుంది. ఎముకలు బలహీనపడ్డ పిల్లల్లో ఇది అరుదేం కాదు.

ముక్కు, కళ్ళు, డిప్ప

తాబేలుకి మనకున్నట్టు ఉదరవితానం (ఊపిరితిత్తులకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర) ఉండదు, కాబట్టి అది దగ్గలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన చీముడు బయటికి వచ్చే దారి సన్నం. పైగా ఆ ఊపిరితిత్తులు పైడిప్పకి ఆనుకుని వీపు భాగంలో ఉంటాయి, పట్టిన చీము కిందే పేరుకుంటుంది. మనకి పడిశం నాలుగు రోజుల్లో తగ్గినట్టు దానికి తగ్గదు. ముక్కు కొనలో చిన్న బుడగ, ఊపిరి తీసేటప్పుడు కీచుమనే చప్పుడు కనబడితే వేడి పెంచి, పెట్టెలో దుమ్ము రేపే పొడి మట్టి తీసేసి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించాలి. నోరు తెరిచి, మెడ పైకి చాచి ఊపిరి తీస్తుంటే మాత్రం మర్నాటిదాకా ఆగొద్దు. మైకోప్లాస్మా, హెర్పిస్ వైరస్‌లాంటి క్రిములు ఒకదాని నుంచి మరోదానికి అంటుకుంటాయి. ఇంట్లో ఇంకో తాబేలుంటే దాని గిన్నె, గుడ్డ, టబ్బు అన్నీ వేరు చేయాలి.

కళ్ళు వాచి మూసుకుపోతే చాలామంది విటమిన్ ఏ లోపం అనేస్తారు. మాంసం మీద పెరిగే నీటి తాబేళ్ళలో అది నిజమే. ఆకులు తినే పిల్లలో ఆ లోపం తక్కువ. ముందు చూడాల్సింది ఒళ్ళు ఎండిపోయిందా, దుమ్ము పడిందా, యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం మరీ దగ్గరగా ఉందా అన్నవే. మెలికల కాంపాక్ట్ బల్బు తల పక్క నుంచి కొడుతుంటే కళ్ళు మండుతాయి. దీపం ఎప్పుడూ నడినెత్తి మీదే ఉండాలి, అప్పుడు కనుబొమ గట్టు నీడ కంటికి కాపు కాస్తుంది. అవసరం లేకుండా విటమిన్ ఏ ఇంజెక్షన్ చేయిస్తే చర్మం పొరలు పొరలుగా ఊడిపోవచ్చు.

డిప్ప సంగతి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. గుడ్డులోంచి వచ్చిన తొలి వారాల్లో డిప్ప కాస్త వంగుతుంది, అది మామూలే. నెలలు గడుస్తున్నా నొక్కితే దిగిపోతుంటే, అంచులు పైకి లేస్తుంటే, వెనక కాళ్ళు ఈడుస్తూ కడుపు నేలకి రాసుకుంటూ నడుస్తుంటే ఎముకల్లో కాల్షియం కరిగిపోతోందన్నమాట. ఆకుల్లో కాల్షియం ఉన్నా దాన్ని పేగు పీల్చుకోవాలంటే విటమిన్ డీ3 కావాలి. డీ3 తయారవ్వాలంటే చర్మం మీద 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ పడాలి. చర్మంలో పుట్టిన ముడి పదార్థం డీ3గా మారడానికి మళ్ళీ ఒంటి వేడే కావాలి. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్ళు ఎముకల్లోంచి తోడుకుంటుంది, డిప్ప కూడా ఎముకే కదా.

ఇంట్లో పెంచేవాళ్ళు ఇక్కడ చేసే పొరపాటు కిటికీ ఎండని నమ్మడం. మామూలు గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. గాజులోంచి వచ్చే ఎండలో పిల్ల కాగుతుంది గానీ డీ3 పుట్టదు. పెట్టె మీద యాక్రిలిక్ మూత ఉన్నా అంతే, సన్నటి ఇనుప వల ఉన్నా మూడో వంతో సగమో పోతుంది. టీ5 హెచ్‌ఓ రకం పొడవాటి యూవీబీ ట్యూబు పెట్టి, తయారీదారు చెప్పిన దూరంలో (బలాన్ని బట్టి సాధారణంగా 30 నుంచి 45 సెం.మీ.) వేలాడదీసి, రోజుకి 12 గంటలు వెలిగించాలి. 6 నుంచి 12 నెలల్లో మార్చాలి. ట్యూబు తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. వెలుగు చూసి ఆ సంగతి చెప్పలేం.

ఆకుల మీద వారంలో మూడు నాలుగుసార్లు చిటికెడు కాల్షియం కార్బొనేట్ పొడి చల్లండి, లేదా సముద్రపు నురుగు బిళ్ళ పెట్టెలో ఉంచండి, అదే కొరుక్కుంటుంది. తిండి మొత్తంలో భాస్వరం ఒక పాలైతే కాల్షియం కనీసం రెండు పాళ్ళుండాలి. డీ3 కలిపిన పొడిని ఇష్టం వచ్చినట్టు వేస్తే అది ఒంట్లోనే పేరుకుని మెత్తటి అవయవాల్లో సున్నం కడుతుంది. కాళ్ళు వణుకుతుంటే, దవడ మెత్తబడితే ఇంటి పొడులతో అయ్యే పని కాదు.

ఎడారి జీవికి తేమ ఎందుకు?

ఈ ప్రశ్న పిల్ల తాబేళ్ళని చాలానే చంపింది. పొడి ప్రాంతాల జాతులని చదివి, తేమ తగలకూడదని పెట్టెని ఎండబెట్టేస్తారు. ఆ ప్రాంతాల్లో కూడా పిల్లలు గడ్డి మొదళ్ళలో, తడి మట్టి బొరియల్లో దాక్కుంటాయి. పైన గాలి పొడిగా ఉన్నా అవి ఉండే చోటు తడిగానే ఉంటుంది. 2003లో సల్కాటా పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, డిప్ప మీద గోపురాల్లా బుడిపెలు లేవడానికి తిండిలో మాంసకృత్తులకంటే గాలిలో తేమ తక్కువవడమే పెద్ద కారణమని తేలింది. పొడిగా పెరిగిన పిల్ల బయటికి బాగానే కనబడుతూ లోపల మూత్రపిండాలు పాడై, ఏ మందుకీ లొంగకుండా కృశించిపోతుంది.

70, 80 శాతం తేమ ఉంచొచ్చు, ఒక్క షరతు మీద: వెచ్చగా ఉండాలి. తేమా చలీ కలిస్తే ఊపిరితిత్తులకి జబ్బు, డిప్పకి కుళ్ళు. కడుపు డిప్ప మీద గులాబీ మచ్చలు, మెత్తటి గుంతలు, దుర్వాసన వస్తే ఆ కుళ్ళు రక్తంలోకి పాకుతోందేమో డాక్టరు చూడాలి. డిప్పకి నూనెలు రాయడం, రంగులు వేయడం అవసరం లేని పనులు.

పడుకుందా, నీరసపడిందా

పిల్ల తాబేళ్ళు రోజులో చాలాసేపు పడుకునే ఉంటాయి. వాటిని చూసి భయపడనక్కర్లేదు. మెల్లగా పైకి ఎత్తండి. ఆరోగ్యంగా ఉన్నది అంత సైజు గులకరాయిలా బరువుగా తగులుతుంది, కాళ్ళు చటుక్కున లోపలికి లాక్కుంటుంది, లేదా గాల్లో ఈదుతుంది. జబ్బుది ఖాళీ చిప్పలా తేలిగ్గా ఉంటుంది, కాళ్ళు వేలాడతాయి, తల బయటే వాలిపోతుంది, కళ్ళు గుంటలు పడి ఉంటాయి.

చలికాలంలో ఇలా పడి ఉంటే ‘శీతనిద్రకి పోయిందిలే’ అని వదిలేయడం ఇంకో ప్రాణాంతకమైన పొరపాటు. సల్కాటా, లెపర్డ్, రెడ్‌ఫుట్ జాతులకి శీతనిద్రే లేదు. హెర్మన్, రష్యన్ తాబేళ్ళకి ఉంది గానీ జబ్బు పిల్లని, బరువు చాలని పిల్లని ఎవరూ నిద్రకి పంపరు. 18, 20 డిగ్రీల గదిలో తాబేలు నిద్రలోకీ పోదు, మెలకువగానూ ఉండదు. ఒంట్లో నిల్వ కరిగిపోతూ ఉంటుంది, తినదు.

పెట్టెలో రెండు పిల్లలుంటే ఒకటి తింటూ, ఒకటి మూల నక్కుతూ ఉంటుంది. కొట్టుకోవడం కనబడదు. పెద్దది చిన్నదాని మీదెక్కి కూచోవడం, తిండికి అడ్డం నిలబడటం చాలు, చిన్నది కొన్ని వారాల్లో చిక్కిపోతుంది. అవి ఒకదానికొకటి తోడేమీ కాదు, వేరు చేయండి. గచ్చు మీద తిరగనివ్వడం కూడా మంచిది కాదు. తలవెంట్రుక కాలికి చుట్టుకుని బిగుస్తుంది, ప్లాస్టిక్ ముక్క, పూస, దారం మింగేస్తుంది.

డాక్టరు దగ్గరికి

నోరు తెరిచి ఊపిరి తీయడం, మలద్వారం నుంచి ఏదో ఎర్రటి కండ బయటికి రావడం (తడి గుడ్డ చుట్టి ఆరిపోకుండా పట్టుకెళ్ళాలి, లోపలికి తోయకూడదు), వణుకు, రక్తం, ఎత్తితే స్పందించకపోవడం: వీటికి వేడీ నీళ్ళూ పెట్టి ఎదురు చూడటం ఉండదు.

వెళ్ళేటప్పుడు చిన్న పెట్టెలో గుడ్డ పరచి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా ఒక పక్కన పెట్టండి. 24 గంటల్లోపు మలం ఉంటే మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి, పురుగుల పరీక్షకి అదే ఆధారం. సన్నటి దారాల్లాంటి పురుగులు కొద్దిగా ఉండటం మామూలే, పరీక్ష లేకుండా పురుగుల మందు వేయడం మామూలు కాకూడదు. తూకం పుస్తకం, పెట్టె ఫొటో, దీపం పేరూ కొన్న నెలా చెబితే డాక్టరు పని సగం తేలిక. 50 గ్రాముల పిల్ల నుంచి అర మిల్లీలీటరు రక్తం తీయడమే గగనం, కాబట్టి చాలాసార్లు ఎక్స్‌రేతోనే ఎముకలు, రాళ్ళు, పేగులో అడ్డం చూస్తారు.

ఒక మందు పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి: ఐవర్‌మెక్టిన్. కుక్కలకీ పశువులకీ పురుగులకి వాడేదే. తాబేలుకి అది విషం, ఒళ్ళు పక్షవాతం వచ్చినట్టు చచ్చుబడి చనిపోవచ్చు. సరీసృపాల అనుభవం లేని చోటికి వెళ్ళాల్సి వస్తే ఈ సంగతి ముందే నోరు విప్పి చెప్పండి. డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఇంట్లో చంటిపిల్లలుంటే తాబేలుని, దాని నీళ్ళని వాళ్ళకి దూరంగా ఉంచాలి. ఆరోగ్యంగా కనబడే తాబేలు కూడా సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమిని మోస్తూ ఉండొచ్చు. అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో ఆపేసింది ఈ కారణంగానే. దాని టబ్బు వంటింటి సింకులో కడగకండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

కోలుకోవడం కనబడే వరస దాదాపు ఇలా ఉంటుంది: మొదట కళ్ళు తెరుచుకుంటాయి, తర్వాత ఎత్తితే కాళ్ళు ఆడిస్తుంది, తర్వాత యూరేట్లు మెత్తబడతాయి, ఆ తర్వాతే ఆకలి. మొదటి నాలుగైదు రోజుల్లో ఇందులో ఏదో ఒకటి కనబడాలి. డిప్ప గట్టిపడటానికి నెలలు పడుతుంది, ఒకసారి వంకరపోయిన ఆకారం తిరిగి రాదు. వరసగా మూడు నాలుగు వారాలు బరువు పెరిగాక పాత పెట్టెకి మార్చొచ్చు. మార్చే ముందు ఆ పెట్టెని ఖాళీగా రెండు రోజులు నడిపించి, తెల్లవారుజామున నేల మీద ఎన్ని డిగ్రీలుందో కొలిచి చూసుకోండి.